నాన్న కదల్లేదు

నాన్న కుడిచెయ్యి ముందు తిమ్మిరెక్కింది. తర్వాత చేతిలోంచి గ్లాసులు జారిపోవడం మొదలైంది. భిలాయ్ క్యాంప్ టూలో మా ఇంటికి దగ్గర్లో ఒక ప్రైవేటు వర్క్‌షాపులో ఆయన ఫిట్టరు. సుత్తి పట్టలేని ఫిట్టరుని ఏ సేఠూ ఎక్కువ రోజులు ఉంచుకోడు. మెడలో నరం నొక్కుకుపోతోందేమో, ఎమ్మారై తీయించమన్నాడు డాక్టరు. తొంభైల్లో అదంటే మాకు నాగపూర్ ప్రయాణమే. నాన్నతో నేను వెళ్ళాను.

అక్కడి ఆపరేటరు ఉంగరం, బెల్టు తీయించాడు. ఒంట్లో రాడ్డుగానీ ప్లేటుగానీ వేశారా అని అడిగాడు. లేదన్నాడు నాన్న. ఆయనకు తెలిసినంతలో అది నిజమే.

"హిల్‌నా మత్, చాచా," కదలొద్దంటూ మిషన్లోకి పంపాడు.

బయటికొచ్చాక ఫిల్ము చూసి విసుక్కున్నాడు. "హిల్ గయే ఆప్. సబ్ ఖరాబ్ హో గయా." రిపోర్టులోనూ పేషెంటు కదలడం వల్లే బొమ్మ సరిగ్గా రాలేదని రాశారు.

తిరుగు రైల్లో నాన్న కిటికీవైపు తిరిగి కూర్చున్నాడు.

"నాను కదల్నేదమ్మా. ఊపిరి కూడా మెల్లగా తీసుకున్నాను," అన్నాడు. మళ్ళీ తనే, "ఏమో, కదిలానేమో," అన్నాడు.

ఏటయిందని అమ్మ అడిగితే తప్పు తనదే అనేశాడు. మళ్ళీ తీయించుకుందామంటే సిగ్గుపడి రానన్నాడు. నెలలు గడిచాయి. చెయ్యి సన్నబడిపోతూ వచ్చింది.

చివరికి సెక్టర్ టూలో ఉండే పెదనాన్న బలవంతాన రాయపూర్‌లో ఒక ముసలి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆయన పాత ఫిల్ముని వెలుగుకి పట్టి చాలాసేపు చూశాడు. మనిషి కదిలితే బొమ్మంతా మసకబారుతుందని, ఇక్కడ ఒక్కచోటే నల్లగా పోయి చుట్టూ ఎముకలు వంకరగా కనిపిస్తున్నాయని, లోపల ఇనుముంటేనే ఇలా వస్తుందని చెప్పాడు. అప్పటికప్పుడు మామూలు ఎక్స్‌రే తీయించాడు. మెడ వెనక కందిబద్దంత ముక్క తెల్లగా కనబడింది.

నాన్న మెడ తడుముకున్నాడు. చాలా ఏళ్ళ కిందట పక్కవాడి ఉలి అంచు విరిగి ఎగిరొచ్చి అక్కడే గుచ్చుకుంది. ఆసుపత్రికి పంపితే విషయం బయటపడుతుందని సేఠ్ తనకు తెలిసిన డాక్టరుతో షాపులోనే కుట్లు వేయించాడు. ముక్క మొత్తం వచ్చేసిందని ఆ డాక్టరు చెప్పాడు. నాన్న నమ్మాడు.

ఆ ముక్క సంగతి చెప్పి సాయం అడగడానికి నేనూ నాన్నా సేఠ్ దగ్గరికి వెళ్ళాం. ఆయన మాకు చాయ్ తెప్పించాడు.

"భిలాయ్ మే లోహా కహాఁ నహీఁ హై, భయ్యా?" అన్నాడు. ఊరంతా ఇనుమే, ఆ ముక్క తన షాపుదేనని రుజువేమిటని అడిగాడు. నాన్న తల వంచుకుని చాయ్ తాగాడు. నేను కప్పు ముట్టుకోలేదు.

ముక్క తీసేశాక రెండోసారి తీసిన ఎమ్మారైలో నొక్కుకుపోయిన నరం స్పష్టంగా కనిపించింది. ఆపరేషనూ అయింది. తిమ్మిరి తగ్గింది గానీ వేళ్ళలోకి బలం రాలేదు. "పెహలే ఆతే తో..." అన్నాడు డాక్టరు, ముందే వచ్చుంటే బాగుండేదన్నట్టు.

నాన్న పని పోయింది. అన్నం అమ్మ కలిపి పెట్టేది. సేఠ్ మాత్రం ప్రతి దీపావళికీ మిఠాయి డబ్బా పంపేవాడు. నాన్న ఎడంచేత్తో ఒక లడ్డూ తీసుకుని, "మనిసి మంచోడేనమ్మా," అనేవాడు.

సేఠ్‌ని ద్వేషించడం నాకు కష్టం కాలేదు. నాన్న నోటి నుంచి ఆ మాట వినడమే కష్టమయ్యేది.