గంగామణి పరీక్ష పెట్టిన బడులు

నా మరదలు గంగామణి జీవితంల మొదటి గెలుపు, తన పేరు మీద బీడీ కార్డు సంపాదించుకునుడు. మా తమ్ముని పెండ్లమై బోధన్‌కు వచ్చినంక నాలుగేండ్లు అత్త కార్డు మీదనే బీడీలు చేసింది, కూలి లెక్క అత్త పేరునే పడేది. సొంత కార్డు అడిగితే, బీడీలు తీసుకునే కమీషన్‌దార్ నవ్వేటోడు. బీడీలు చూసే పద్ధతి ఏందంటే, కట్టల నుంచి ఒక్క బీడీ గుంజి చూస్తరు. అది బాగుంటే కట్టంతా బాగున్నట్టే లెక్క. ఒకరోజు గంగామణి గంప అతని ముందర పెట్టి, "ఒక్కటి గుంజుడు కాదు సేటూ, అన్నీ ఇప్పి సూడు" అన్నది. నలభై కట్టలు, వెయ్యి బీడీలు. పక్కకు పారేసేది ఒక్కటి దొరకలేదు. వారం తిరగకముందే కార్డు చేతికొచ్చింది.

ఇంత గట్టి మనిషి మనుమరాలి బడి దగ్గర పొరపడ్డది. అందుల నా పాలు కూడా ఉన్నది.

నా సంగతి చెప్తే గొప్పలనుకోవద్దు. రెంజల్ బడిల ఏడో తరగతి చదివిన. ఆ ఏడుతోనే చక్కెర ఫ్యాక్టరీ కాటా కాడ ముప్పై ఒక్క ఏండ్లు చెరుకు బండ్ల తూకం రాసిన. ఒక్క చీటీ తప్పు పోలేదు. మా గల్లీకి నల్లా తెప్పించిన. బడి కమిటీకి రెండుసార్లు చైర్మన్ అయి, కాల్వ గట్టు బడికి ప్రహరీ గోడ కట్టించిన. గేటు పక్క రాయి మీద చిన్నయ్య అని నా పేరుంటది.

తమ్ముడు కాలం చేసిండు. గంగామణి బిడ్డ రమ్య, అల్లుడు మరమగ్గాల పనికి మహారాష్ట్రల ఉన్న భీవండి పోయి, సంజనను అమ్మమ్మ దగ్గర విడిచిపెట్టిండ్రు. మూడేండ్ల కింద పిల్లను ఒకటో తరగతిల వేయాల్సొచ్చింది. మా గల్లీకి రెండు సర్కారు బడులు దగ్గర. మెయిన్ రోడ్డు మీద ఒకటి, కాల్వ గట్టు మీద ఒకటి.

"కాల్వ గట్టు బడే మంచిది, గోడ సూడు ఎట్లున్నదో" అన్న నేను.

"గోడ సదువు చెప్తదా బావా?" అని గంగామణి కార్ఖానాల బీడీ కట్టకు చుట్టే లేబుల్ కాగితం ఒకటి అడిగి తెచ్చింది. పావురం బొమ్మ, కింద నాలుగు వరుసల అక్షరాలు. ఆ కాగితం పట్టుకొని రెండు బడులు తిరిగింది.

మెయిన్ రోడ్డు బడి హెడ్మాస్టర్ బిత్తరపోయిండు. "ఏందమ్మా, పిల్లలకు బీడీ కాగితం చూపిస్తవా?"

"సదువు అచ్చినోనికి ఏ కాగితమైతేంది సార్?"

మూడో తరగతి పిలగాడు ఒకడు కూడబలుక్కుంట రెండు వరుసలు చదివి ఆగిండు. కాల్వ గట్టు బడిల మూడో తరగతి పిల్ల ఒకతి నాలుగు వరుసలు గడగడ చదివింది. అంతే, సంజన పేరు అక్కడ రాయించింది. నేను మీసం దువ్వుకున్న.

దసరాకు తెలిసింది. ఆ చదివిన పిల్ల ఎల్‌కేజీ నుంచి నాలుగేండ్లు ప్రైవేటు బడిల చదివి, తండ్రి పని పోతే, లేబుల్ చదివిన నాటికి నెల ముందే వచ్చిందట. బడికి ఉన్న ఒక్క సార్‌ను సర్వేకని ఒకసారి, ఇంకో బడికని ఒకసారి పంపేటోళ్లు. గంగామణి వేరే బడిల వేద్దామంటే, "సార్ మళ్ల వస్తడు, ఓపిక పట్టు" అని ఆపింది నేనే. నా పేరున్న బడి నుంచి నా మనుమరాలినే తీసుడేందని నాకు నామోషీ.

మొన్న ఫిబ్రవరిల గంగామణి దాచిన అదే లేబుల్ తీసి సంజన ముందర పెట్టింది. పిల్లకు మూడో తరగతి అయిపోవస్తున్నది.

"పావురం బీడీ" అన్నది సంజన, టక్కున.

అమ్మమ్మ బొమ్మ కనబడకుండ కాగితం మడిచింది. "ఇప్పుడు సదువు."

పిల్ల కాగితం దిక్కు చూసింది, నా దిక్కు చూసింది, తల దించుకున్నది.

మరునాడు నేను చేయవలసిన పని చేసిన, మూడేండ్లు ఆలస్యంగా. రెండు బడులకు పోయి మూడో తరగతి పిల్లలందరితోని చదివించిన. మెయిన్ రోడ్డు బడిల ఇరవై ఇద్దరు. పందొమ్మిది మంది మెల్లగనే, కానీ చదివిండ్రు. కాల్వ గట్టు బడిల ఆరుగురు, ఒక్కరూ చదవలే. వచ్చేటప్పుడు గేటు పక్క రాయి దిక్కు చూడలేకపోయిన.

ఏప్రిల్‌ల చుట్టాల పెండ్లికి వచ్చిన రమ్య పిల్లను భీవండికి తోలుకపోయింది. "మూడేండ్లు ఉంచుకున్నవ్ కద అవ్వా, ఏం నేర్చింది? ఆడుంటే భీవండిల పుట్టిన తమ్మున్నన్న ఆడిస్తది" అన్నది. గంగామణి నెల రోజులు బీడీలు చేసి, తట్టుకోలేక, పిల్లను తెచ్చుకుంటనని రైలెక్కి భీవండి పోయింది.

నేను మెయిన్ రోడ్డు హెడ్మాస్టర్‌ను కలిసిన. "తీసుకురండి పెద్దమనిషీ, రోజూ సాయంత్రం గంటసేపు కూర్చోబెట్టుకొని అక్షరాల నుంచి చెప్త" అన్నడు. ఆ మాట నిన్న ఫోన్ల చెప్పిన.

"పోరి సంకల తమ్ముణ్ణి దించుతలేదు బావా. రమ్య పంపనంటున్నది" అన్నది గంగామణి.

"తిరుగు టికెట్లు తీసినవా?"

"తీసిన."

"ఎన్ని?"

"ఒక్కటే" అన్నది.

బడి జూన్ పన్నెండున తెరుస్తరు. గంగామణి వచ్చేది జూన్ పది, బుధవారం.