సొట్ట మానిక

బేస్తవారిపేట పక్కనున్న ఆ క్రైస్తవ పాలెంలో సౌభాగ్యమ్మ మాటంటే మాటే. కలుపైనా కోతైనా ఇరవైమంది ఆడకూలీల జట్టుకు ఆమే పెద్ద. ఉగాదినాడు ఆమె రైతుతో కూలి మాట్లాడి వస్తే ఏడాదంతా అదే నడిచేది. పొయ్యి మీదికి వేసే ముందు ప్రతి ఇల్లాలూ దేవుడికని పక్కన పెట్టే పిడికెడు గింజలను ఆదివారాలు పోగుచేసేదీ ఆమే. మిషన్ బడిలో నాలుగక్షరాలు నేర్చానని కాస్త గర్వం ఉండేది. ఆ గర్వం వల్ల అంతవరకూ ఎవరికీ నష్టం రాలేదు.

ఆసామి కొండయ్య రోజుకు రెండు మానికల జొన్నలు కూలిగా కొలిచేవాడు. ఆ మానిక అడుగున లోపలికి పెద్ద సొట్ట. ఆ సొట్ట మింగే గింజల కోసం ఆడవాళ్లు పదేళ్లుగా సణుగుతూనే ఉన్నారు.

రెండో ప్రపంచ యుద్ధం మొదలైన మూడో ఏడు, ఉగాదినాడు, కొండయ్య ఆమెను అరుగు దగ్గరికి పిలిచాడు. "ఏమే" అని తప్ప ఎన్నడూ పిలవని మనిషి ఆ రోజు "అక్కా" అన్నాడు.

"ఈ కొలతల గోల మనకెందుకక్కా? రూపాయికి ఎనిమిది మానికలు. నీ రెండు మానికలు నాలుగణాలైతాయి. నేను అయిదిస్తా. సొట్టా లేదు, సణుగుడూ లేదు."

ఆమె లెక్క వేసుకుంది. లెక్క సరిగ్గానే ఉంది. ఆమె కొంప ముంచింది కూడా అదే. పాలెంలో మరదలు లీదియా ఒక్కతే అడ్డం చెప్పింది.

"గింజలైతే కుండలో పోసుకుంటాం వదినా. అణాల్ని ఏం వండుకుంటాం?"

"మానికకుంటది సొట్ట. అణాలకు యాడుంటదే? నా మాట నమ్మండి."

నమ్మారు.

యుద్ధానికి ఖర్చుపెట్టీ పెట్టీ సర్కారు ఖజానా ఊడ్చుకుపోయిందనీ, కాగితాలు అచ్చువేసి ఊళ్ల మీదికి వదులుతోందనీ పట్నాల్లో చదువుకున్నవాళ్లు చెప్పుకునేవారు. పాలెం దాకా వచ్చి చెప్పే పుణ్యాత్ముడెవరు? దసరాకు రూపాయికి అయిదు మానికలైనాయి. క్రిస్మస్‌కు మూడు. చిల్లర మాయమైంది. కొండయ్య ముగ్గురికి కలిపి ఒక రూపాయి కాగితం చేతిలో పెట్టి, "అణా ఎక్కువిచ్చినాలే, రేపు పట్టుకుంటా" అనేవాడు. ఆ కాగితం పట్టుకుపోతే ముగ్గురికీ తలా ఒక్క మానిక. పిల్లలు తాగాక పెద్దలకు జావ అడుగు మిగిలితే గొప్ప.

అయినా దేవుడి పిడికెడు మాత్రం ఏ ఇంట్లోనూ ఆగలేదు.

ఒక సంతనాడు జొన్నల దుకాణం మజీద్‌ను ఆమె నిలదీసింది. "ఏంది మజీదన్నా, మా ఉసురు పోసుకుంటివి?"

"నన్నంటావేంది అక్కా! ఉగాదికి ముందే కొండయ్య ఈడ కూచోని చెప్పినాడు. ధర మండిపోతది, గింజ బయటికి పోనియ్యను, కూలోళ్లక్కూడా కొలవనని. నీకు తెలీదా?"

ఆమె వచ్చిన పని మరిచి, ఖాళీ సంచితో వెనక్కి నడిచింది. అయిదో అణా ఎందుకిచ్చాడో, అక్కా అని ఎందుకు పిలిచాడో దారి పొడుగునా తెలుస్తూనే ఉంది. ఒళ్లు మండిపోయింది. తన నోటితో తనవాళ్ల నోళ్లు కొట్టించాడు.

నేరుగా కళ్లానికి పోయింది. కోపమంతా మింగి చేతులు జోడించింది.

"అయ్యా, గింజలే కొలవండి. ఆ సొట్ట మానికతోనే కొలవండి."

కొండయ్య రాశి మీదినుంచి చూపు తిప్పలేదు. "ఏడాది మాట కదే. నువ్వే ఒప్పుకుంటివి. మాట తప్పితే మీ దేవుడు ఊరుకుంటాడా?"

కోత పండుగ వచ్చింది. దేవుడి గింజలను చర్చి వాకిట్లో వేలం వేయడం, కొండయ్య వచ్చి పాడుకుపోవడం ఏటా ఉన్నదే. ఆ ఏడూ తెల్లపంచె కట్టి వచ్చాడు. సౌభాగ్యమ్మ ఆ గింజల కుండకు అడ్డంగా నిలబడింది.

"ఈ ఏడు పాట లేదు. ఇవి యా ఇంటివి ఆ ఇంటికే పోతాయి."

పాస్టరు నోరు తెరిచి, ఆమె ముఖం చూసి మూసుకున్నాడు. కొండయ్య ఏదో గొణిగి వెళ్లిపోయాడు. ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి కొంగు పట్టారు. ఆమె దోసిళ్లతో పోసింది. చివర లీదియా వచ్చింది.

"వచ్చే ఉగాదికి కూలి మాట్లాడేదానికి నేను పోతాలే వదినా," అంది, కొంగులో గింజలకేసే చూస్తూ.

సౌభాగ్యమ్మ సరేనని తలూపింది.