బారసాల కాని పిల్ల

తొంభై ఆరులో తెగులు తగిలి మా ఊళ్ళో రొయ్యల చెరువులన్నీ ఉత్త నీళ్ళతో మిగిలాయి. అప్పుడే మా వారు నాగదుర్గాప్రసాద్ గారికి టర్కీలో, చేపపిల్లలు తీసే హేచరీలో పని దొరికింది. ఇజ్మీర్ అనే ఊరు. రాజోలు దాటి ఎక్కువ ఎరగని నన్ను కూడా తీసుకెళ్ళారు. పాస్‌పోర్టు మీద సంతకానికని ఇంగ్లీషులో నా పేరు రాయడం ఆయనే నేర్పారు. ఆ అక్షరాల్లో నాకు చదవడం వచ్చిన మాట అదొక్కటే.

మూడో అంతస్తులో ఇల్లు. తాడు కట్టిన బుట్ట కిటికీలోంచి కిందకి వదిలితే కొట్టతను రొట్టెలు పెట్టేవాడు, పైకి లాక్కోవడమే.

"నూతిలో చేద వేసినట్టుంది. పుట్టింట్లో తోడింది చాల్లేదా రత్నం?" అని నవ్వేవారాయన.

చింతపండు దొరికేది కాదు. దానిమ్మ పులుపుతో చారు కాచేదాన్ని. పాలు లేని టీ చిన్న గ్లాసులో ఇస్తే మొహమాటానికి తాగేదాన్ని. ఏడాదికోసారి పోలీసు ఆఫీసులో వరసలో నించుని, ఆ ఊళ్ళో ఉండడానికి కాయితం రాయించుకోవాలి. ఎదురింటి నెర్మిన్ గారు తోడు వచ్చేవారు. అక్కని వాళ్ళు అబ్లా అంటారు. నేనూ ఆవిడని అలాగే పిలిచేదాన్ని. ఆవిడ నేర్పిన నాలుగు మాటలతోనే కూరలు కొనుక్కునేదాన్ని.

తొంభై ఎనిమిది ఫిబ్రవరిలో పాప పుట్టింది. తొమ్మిదో రోజున పోయింది. ఊపిరి అందలేదన్నారు. నేనింకా ఆస్పత్రి మంచం మీదే ఉన్నాను. ఆయనా, కంపెనీ వ్యాను డ్రైవరూ వెళ్ళి పూడ్చి వచ్చారు. మా ఇళ్ళల్లో ఇరవై ఒకటో రోజున బారసాల చేసి గాని పేరు పెట్టరు. ఈలోగా పోయిన బిడ్డకి పేరు ఉండదు, చోటుకి గుర్తూ ఉండదు. తల్లి ఆ వైపు వెళ్ళదు. నేనూ ఏమీ అడగలేదు.

ఏప్రిల్లో వాళ్ళ పండగ వచ్చింది. ముందురోజు నెర్మిన్ అబ్లా పూలమొక్క పట్టుకుని తలుపు కొట్టారు. ఆ రోజు అందరూ తమవాళ్ళ సమాధులకి నీళ్ళు పోసి వస్తారట.

"మీ పాప పేరేమిటి? వెతికి నీళ్ళు పోసొస్తాను."

"పేరు లేదు అబ్లా."

"లేకపోవడమేమిటి? పలక మీద పేరు రాయకుండా ఇక్కడ పూడ్చనివ్వరు కదా!"

ఆయన భోజనానికి కూర్చున్నాక అడిగాను.

"ఏం పేరు చెప్పేరండీ?"

"వదిలెయ్ రత్నం."

"నాకు చెప్పకుండా పెట్టేసేరా?"

ఆయన కంచంలోనే చెయ్యి కడిగేసుకుని లేచిపోయారు.

దాని పేరు డ్రైవరుకి తెలుసు, ఎవరో గుమస్తాకి తెలుసు. కన్నదాన్ని, నాకు తెలియదు. తెలిస్తే ఒక్కసారి పిలవాలని ఉంది. అంతే.

పండగ మూడో నాడు ఆయనకి చెప్పకుండా అబ్లాతో వెళ్ళాను. కొండ వాలు, కింద సముద్రం. కాపలా అతను చిన్నపిల్లల వరస చూపించాడు. మూరెడు మట్టి, దాని తలవైపు చెక్క పలక. అబ్లా చదవబోయారు. అక్కర్లేకపోయింది.

సీతారత్నం.

అబ్లా నా మొహం చూసి, పలక చూసి, నీళ్ళు పోశారు. నోరు తెరిచాను. నా పేరుతో నేను దాన్ని ఎలా పిలవను?

ఇంటికొచ్చాక చెప్పేశాను. ఆయన గుమ్మంలోనే కూర్చుని చెప్పారు.

"ఆస్పత్రిలో దాని చేతికి నీ పేరు చీటీయే కట్టేరు కదా. గుమస్తా 'పేరు' అంటాడు, కలం పట్టుకుని. బారసాల అవ్వలేదని వాడికెలా చెప్పను? నేనొక్కణ్ణే పెట్టెయ్యడానికి నోరు రాలేదే. చేతికున్నదే చెప్పేసేను. బతికున్న మనిషి పేరు అక్కడుందంటే నువ్వు హడిలిపోతావని..."

"నన్ను కాదని మీరే పేరు పెట్టేసేరనుకున్నానండి."

"మార్పిద్దాం. ఇద్దరం కలిసి పెడదాం."

ఆ ఆదివారం ఎదురెదురుగా కూర్చున్నాం. ఆయన జ్యోతిర్మయి అన్నారు. అనగానే నా కళ్ళ ముందు రెండు జడల పిల్ల ఒకర్తి సంచీ తగిలించుకుని బడికి వెళ్ళిపోయింది. నేను లక్ష్మీతులసి అన్నాను. అది పట్టు పరికిణీ కట్టుకుని వచ్చి నా పక్కన నించుంది. ఇంకో పేరుకి ఇంకో పిల్ల. ఒక్కర్తిని పోగొట్టుకున్నవాళ్ళం, ఇల్లంతా ఆడపిల్లలైపోయారు.

"ఇంక చాలండి. నా పేరే ఉండనివ్వండి. మనం వెళ్ళిపోతే దాని దగ్గర ఎవరుంటారు?" అన్నాను.

ఆయన అప్పుడు ఏడ్చారు. పాప పోయినప్పుడు కూడా నా ఎదట ఏడవని మనిషి.

మరుసటేడు కంపెనీవాళ్ళు ఆయన పని కాయితం పొడిగించలేదు. తిరిగొచ్చేశాం. మా అత్తగారు నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని, తల నిమిరి, "పోన్లే అమ్మా, పేరైనా పెట్టకుండానే పోయింది. పెట్టుంటే ఇంకా బాధగా ఉండేది" అన్నారు.

"ఆయ్" అని తలూపాను.