నీ బోళ్లు

మొగుడు ఇంటిపనిలో చెయ్యేస్తే పెళ్లాంతో దగ్గరితనం పెరుగుతుందని ఎవరో మహానుభావుడు వీడియోలో చెప్పాడట. ఆయనింట్లో అంట్లు ఎవరు తోముతున్నారో కూడా చెప్పి ఉంటే బాగుండేది.

ఆ వీడియో చూసిన ఆదివారం మా నాంపల్లి వాటాలో మా ఆయన లుంగీ ఎగగట్టి సింకు ముందు నిలబడ్డారు. చప్పుడు వీధి చివరిదాకా వినిపించింది. మధ్యలో వాళ్లమ్మకు ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి మరీ, "బోళ్లు తోముతున్ననే అమ్మా" అని చెప్పుకున్నారు. మా కోస్తావాళ్లకు అంట్లు, ఆయన వాళ్లకు బోళ్లు. పేరేదైనా తోమేది నేనే. ఆవిడ అవతల ఏడ్చేశారు. ఇన్నేళ్లుగా నేను తోముతుంటే ఎవరి కన్నూ చెమర్చలేదు.

పని కాగానే తడి చేతులతోనే వచ్చి నన్ను ఆనుకుని కూర్చున్నారు.

"నీ బోళ్లన్ని తోమిన. ఇగ జర నవ్వరాదు?"

ఆ నవ్వు దేనికి బయానానో నాకు తెలుసు. నీ బోళ్లట! నలుగురిలో 'నా ఇల్లు' అంటారు, అంట్ల దగ్గరికొచ్చేసరికి గిన్నెలు నావి. ఒళ్లు మండి వంటగదిలోకి వెళ్లాను. దోసెల పెనం తళతళ మెరుస్తోంది. సుల్తాన్ బజార్‌లో కొన్న ఇనప పెనం. ఉల్లిపాయ ముక్కతో నూనె రుద్ది రుద్ది నల్లగా, నున్నగా చేసుకున్నాను.

"పెనాన్ని స్టీలు పీచుతో తోమారేంటండీ? ఇక దోసె లేస్తుందా?"

"మస్తు నల్లగుండె. చేతులు పోయేదాంక రుద్దిన," అన్నారు గర్వంగా.

మర్నాడు దోసెలు పెనానికి అతుక్కుపోయాయి. మేం మాత్రం ఎడంగానే ఉన్నాం.

నిజానికి నాకూ ఆయన దగ్గరగా కావాలి. చెప్పడానికి సిగ్గేం లేదు. కాకపోతే కూలి అడిగే మనిషిగా కాదు, ఊరికే పక్కన కూర్చునే మనిషిగా.

ఆయన కొన్నాళ్లు అలిగారు. తర్వాత ఒక మధ్యాహ్నం మొజంజాహీ మార్కెట్ నుంచి దానిమ్మపళ్లు తెచ్చి, ఎవరికీ ఫోన్ చేయకుండా, నన్ను పిలవకుండా, కింద కూర్చుని గింజలు ఒలవడం మొదలుపెట్టారు. బనీను నిండా మరకలు. వాటిని ఉతికేదెవరని అడగబుద్ధి కాలేదు. మనసు కరిగింది. వెళ్లి పక్కనే కూర్చుని ఆయన భుజం మీద తల ఆనించాను.

ఆయన బిగుసుకుపోయారు. చేతిలో పండు కింద పెట్టి, భయంభయంగా నా మొహంలోకి చూశారు.

"ఏంది? ఇంకేం పని జెయ్యాలె?"