తూటాల తిత్తి

మస్తాన్ వలీ చేతికి సూది చిక్కితే ఇంట్లో చిరిగిన గుడ్డ మిగలదని తాడిపత్రిలో వాళ్ళ వీధిలో చెప్పుకునేవారు. తాతల కాలం నుంచీ దూదేకి, పరుపులు కుట్టి బతికిన ఇల్లది. ఫోమ్ పరుపులొచ్చి ఆ పని మూలపడ్డాక అతను కార్ల సీటు కవర్లు కుట్టడం నేర్చుకున్నాడు. ఆ పనే అతన్ని సౌదీకి తెచ్చింది. తాయిఫ్ ఊరి చివర మెకానిక్ షాపుల వరుసలో ఒక చిన్న షాపు, అందులో ఒక పెద్ద కుట్టు మిషను, చుట్టూ పరుపుల్లా పేర్చిన కారు సీట్లు. అదీ అతని లోకం.

ఆ షాపు అబూ సాలెహ్ అనే పెద్దాయనది. మస్తాన్‌కు వీసా ఇచ్చి తెచ్చుకున్న యజమాని, అంటే కఫీల్, ఆయనే. కఫీల్ అనే మాట వింటేనే గుండె గుభేలుమనే వాళ్ళు ఎందరో ఉంటారు గానీ, మస్తాన్ విషయంలో అదృష్టం కలిసొచ్చింది. వచ్చిన మొదటి చలికాలం తాయిఫ్ కొండగాలికి తట్టుకోలేక అతను జ్వరంతో పడితే, ఆ ముసలాయన తన గొర్రెతోలు ఫర్వా విప్పి అతనిమీద కప్పి, పక్కన కూర్చుని చారు తాగించాడు. ఆ కోటు మోయలేనంత బరువుంది. ఎందుకో చూద్దామని మస్తాన్ జేబులో చెయ్యి పెడితే ఖర్జూరాలు, తాళాలు, పళ్ళు తోముకునే మిస్వాక్ పుల్ల, అన్నిటికీ అడుగున నాలుగు తూటాలు తగిలాయి.

అబూ సాలెహ్‌కు వేట ప్రాణం. వేట సీజన్ తెరిచారంటే పర్మిట్ కాగితం తీసుకుని, అనుమతి ఉన్న చోటు చూసుకుని, పాతకాలపు రైఫిల్‌తో కుందేళ్ళకు బయలుదేరేవాడు. జీపు నడపడానికి, పొయ్యి రాజేయడానికి హన్మాండ్లు వెంట ఉండేవాడు. హన్మాండ్లుది ఆర్మూరు పక్క పల్లె. ముసలాయన దానిమ్మ తోటను, అంటే అక్కడివాళ్ళ భాషలో మజ్రాను, ఏళ్ళుగా చూసుకుంటున్నది అతనే. శుక్రవారం షాపుకు సెలవు కాబట్టి మస్తాన్ కూడా వెళ్ళేవాడు. తుపాకీని గానీ తూటాలను గానీ వీళ్ళిద్దరూ ముట్టకూడదు. లైసెన్సు ముసలాయన పేరు మీదుంది, ముట్టుకునే హక్కు కూడా ఆయనదే. ఆ నియమం పెట్టింది కూడా ఆయనే. దాన్ని వీళ్ళు నమాజులాగా, పూజలాగా పాటించారు.

తూటాలు మాత్రం ఆయన ఎప్పుడూ ఆ కోటు జేబులోనే వదులుగా పోసుకునేవాడు. నడిస్తే గలగల. కుందేలు చెవులు నిక్కించి తుర్రుమనేది. కావలసినప్పుడు వెతికితే తాళం చేతికొచ్చేది, లేదంటే ఖర్జూరం గింజ. ఇసుక అంటిన తూటాను ఉఫ్‌మని ఊది, తన పొడుగు అంగీ తోబ్ అంచుకు తుడుచుకునేవాడు. చూసి వీళ్ళు నవ్వుకునేవారు.

ఆ నవ్వు ఒక శుక్రవారం పొద్దున ఆగిపోయింది. రాళ్ళ గుట్ట నీడలో ముగ్గురూ పొయ్యి చుట్టూ చేరారు. హన్మాండ్లు ఉల్లిగడ్డలు కోస్తున్నాడు. ముసలాయన గహ్వా కాఫీ కెటిల్ అందుకోవడానికి నిప్పుల మీదికి వంగాడు. కోటు జేబు అస్తరు ఎప్పుడు చిరిగిందో ఏమో, అందులోంచి ఒక తూటా జారి బూడిదలో పడింది. ఎవరూ చూడలేదు. కాసేపటికి టపామని పేలింది. నిప్పులు చెల్లాచెదురయ్యాయి. కెటిల్ బోర్లాపడింది. ఇత్తడి ముక్క ఒకటి ఎగిరొచ్చి హన్మాండ్లు చెంపను కోసింది, సరిగ్గా కంటి కింద.

మస్తాన్ తలగుడ్డ తీసి అదిమిపెట్టాడు. ఆస్పత్రిలో కుట్లు వేశారు. డాక్టరు "అల్‌హమ్దులిల్లాహ్, కన్ను తప్పింది" అన్నాడు. ఆ మాట విని అబూ సాలెహ్ బయట బెంచీ మీద కూలబడ్డాడు.

"నాకేం గాలె బాబా, చిన్న గీత వడ్డది" అని హన్మాండ్లు తన వచ్చీరాని అరబీలో ఎంత చెప్పినా ఆయన తలెత్తలేదు. ఇంటికి పోయి రైఫిల్ పెట్టెలో పెట్టి తాళం వేశాడు. తూటాలు వేరే పెట్టెలో పెట్టి దానికీ తాళం వేశాడు. ఇక వేట లేదన్నాడు.

వేట మానినవాడు వేటనే మానాడా అంటే, అంతటితో ఆగలేదు. తోటకు పోవడం తగ్గించాడు. మజ్లిస్‌లో సాయంత్రం కబుర్లకు స్నేహితులు పిలిస్తే కాలు నొప్పి అన్నాడు. పొద్దున్నే వచ్చి షాపులో పాత సీట్లో కూర్చుని మిషను కదలడం చూస్తూ ఉండేవాడు. ఇంటికి పొమ్మంటే పోయేవాడు, కూర్చోమంటే కూర్చునేవాడు. ముందు చిన్న చిన్న విషయాలకు కేకలేసే మనిషి ఇప్పుడు సీటు కవరు వంకర పోయినా ఏమీ అనడం లేదు. మస్తాన్‌కు ఆ మౌనమే భయం పుట్టించింది.

"అన్నా, బాబా ఇట్లే కూచుంటే మంచాన పడతాడు. తూటాలకు సరైన సంచి ఒకటి కుడతా. ఏమంటావు?" అని హన్మాండ్లును అడిగాడు.

"నువ్వు కుడుతవ్ తమ్మీ, ఆయన దీసుకోవాలె గద. గా పేలినప్పటి సంది తూటా పేరెత్తితెనే మొఖం మాడుస్తుండు."

"తీసుకునే మాదిరి కుడతా."

కొలతకు తూటా కావాలి. ముట్టకూడదు. అందుకని తోటలో ఏనాడో పడేసిన ఖాళీ తూటా గొట్టాలను హన్మాండ్లు ఏరి తెచ్చాడు. చిటికెన వేలంత పొడవు. మస్తాన్ వాటిలో ఇసుక కూరి, మొనలాగా చెక్కిన ఖర్జూరపు ఈనె ముక్కను మూతిలో దిగ్గొట్టి, బరువు నిజం తూటాకు దగ్గరగా వచ్చేట్టు చేశాడు.

మొదట సీట్ల కోసం తెచ్చిన తోలు ముక్కలతో నడుముకు పటకా కుట్టాడు. చూడముచ్చటగా వచ్చింది. మురిసిపోయి గోడకు తగిలించాడు. కొన్ని వారాల తర్వాత తీసి చూస్తే ఇత్తడికి పచ్చగా చిలుం పట్టి, గొట్టాలు తోలుకు అతుక్కుపోయాయి. చిలుం పట్టిన తూటా తుపాకీలో ఇరుక్కుంటుందని వేటగాళ్ళు అనుకోవడం అతను విన్నాడు. ఆ పటకా అక్కడితో సరి. తర్వాత ఎలాస్టిక్‌తో ప్రయత్నించాడు. మూసిన కారులో ఎండకు పెట్టి తెచ్చేసరికి ఎలాస్టిక్ సాగిపోయింది. హన్మాండ్లు దాన్ని నడుముకు కట్టుకుని కాలవ దూకితే గొట్టాలన్నీ వడగళ్ళలా రాలాయి.

"మక్కజొన్న పేలాలు లెక్క వడ్డయ్ తమ్మీ!" అని హన్మాండ్లు పడీపడీ నవ్వాడు. చెంప మీది కుట్ల మచ్చ ఆ నవ్వుకు ముడతపడింది. ఆ మనిషి నవ్వగలగడం చూసి మస్తాన్ మనసు కాస్త తేలికపడింది.

అసలు చిక్కు వేరే ఉంది. తూటా జారకుండా బిగువుగా ఉండాలంటే, ముసలాయన వేళ్ళు దాన్ని పైకి లాగలేవు. కీళ్ళవాతంతో ఆ వేళ్ళు వంగవు. టీ గ్లాసు పట్టుకోవడానికే రెండు చేతులూ కావాలి. వదులుగా కుడితే రాలిపోతాయి. ఈ ముడి ఎటూ విడక, ఆ సాయంత్రం తాడిపత్రికి ఫోన్ చేసినప్పుడు భార్య మేరాజ్ బేగంతో చెప్పుకున్నాడు.

"నవ్వొద్దు మేరాజూ, తూటాలకు తిత్తి కుడతాండా. బిగిస్తే రాదు, ఒదిలితే నిలవదు."

"నవ్వేదెందుకు? మా అవ్వ వక్కాకు తిత్తి గుర్తుండాదా నీకు? ఆమె వేళ్ళు మాత్రం వంగుతాండెనా? వక్కను పైనుంచి పీకుతాండెనా యాన్నన్నా? కిందినుంచి గుడ్డమీదనే బొటనవేలితో తోస్తాంటే టక్కన బయటికొస్తాండె. లాగేది కష్టమయ్యా. తోసేది ఎవురికైనా వస్తాది."

మస్తాన్ అప్పటికే ఫోన్‌ను చెవికీ భుజానికీ మధ్య ఇరికించి, గుడ్డ ముక్క మీద సుద్దతో గీతలు గీస్తున్నాడు. "ఏమయ్యా, ఉండావా?" అని ఆమె రెండుసార్లు పిలవాల్సి వచ్చింది.

మర్నాడు డేరాలకు వాడే మందపాటి కాన్వాసు తెచ్చాడు. ఒక్కో తూటాకు ఒక్కో అర. మొన కిందికి ఉండేలా, లోపల బిగువుగా. అరకూ అరకూ మధ్య పలచగా దూది పరిచి, పరుపు కుట్టినట్టే దగ్గరదగ్గరగా చేతి కుట్టు వేశాడు. ఇత్తడికి ఇత్తడి తగలదు, చప్పుడు రాదు. ప్రతి అర అడుగునా చిన్న కంత వదిలాడు. ఇసుక చేరితే అందులోంచే రాలిపోతుంది. బొటనవేలితో కింద నొక్కితే తూటా అరచేతిలోకి లేస్తుంది. పైన మూతకు వెల్క్రో పెట్టలేదు. అది విప్పితే చర్రుమంటుంది, కొండ అవతలి కుందేలు కూడా లేచిపోతుంది. చెక్క గుండీ, దానికి తాడు ఉచ్చు పెట్టాడు. నడుముకు కట్టుకుంటే మోకాళ్ళ మీద కూర్చున్నప్పుడు అడ్డం వస్తుందని, ఎడమ ఛాతీ మీద నిలిచేలా భుజం పట్టీ వేశాడు. కాల్చిన గొట్టాలు వేసుకోవడానికి కుడివైపు వేరే చిన్న సంచి పెట్టాడు, నిండువీ ఖాళీవీ కలవకుండా.

హన్మాండ్లు దాన్ని తగిలించుకుని తోటంతా పరిగెత్తాడు, గట్టెక్కి దూకాడు, చివరికి దానిమ్మ పాదులో కావాలనే బోర్లా పడ్డాడు. ఒక్క గొట్టం కూడా కదల్లేదు.

అబూ సాలెహ్ ముందు ఆ తిత్తి పెట్టినప్పుడు ఆయన దానివైపు చూడలేదు. హన్మాండ్లు చెంప వైపు చూశాడు.

"తూటా తప్పు కాదు మస్తాన్, నా చెయ్యి తప్పు. నా జేబు చిరిగిన సంగతి నాకే తెలియకపోయింది. వీడి కన్ను పోయుంటే వీడి భార్యకు ఏం చెప్పేవాణ్ణి?"

హన్మాండ్లు ఆయన ఎదురుగా కింద కూర్చున్నాడు. అరబీ, ఉర్దూ, తెలుగు కలిపేసి మాట్లాడాడు. "బాబా, నా పెండ్లాం ముత్యవ్వకు ఫోన్‌ల చెప్పిన. చెంప మీద గీత మంచిగనే ఉన్నది, మొగోని లెక్క కనవడుతున్నవ్ అన్నది. నువ్వు ఇంట్ల కూసుంటె నా గీత మానుతదా? శుక్రవారం జీపు నేనే తీస్త. నీ పక్కనే కూసుంట. నువ్వు రాకుంటె నేనొక్కన్నే పోయి కుందేళ్ళకు సలాం చెప్పి వస్త."

ముసలాయనకు అందులో ఎన్ని మాటలు అర్థమయ్యాయో గానీ, చెయ్యి చాచాడు. తిత్తి అందుకున్నాడు. ఉత్తుత్తి తూటా అడుగున బొటనవేలు పెట్టి నొక్కాడు. అది లేచి అరచేతిలో పడింది. మళ్ళీ పెట్టాడు, మళ్ళీ నొక్కాడు. చిన్నపిల్లవాడికి ఊదే పీక దొరికినట్టు అదే పని. "దీన్ని ఎక్కడ నేర్చుకున్నావు?" అని అడిగాడు.

"మా ఆవిడ వాళ్ళవ్వ దగ్గర, బాబా. ఆమె వక్కలు దాచుకునేది."

"అల్లా ఆమెను కరుణించుగాక" అన్నాడు అబూ సాలెహ్, తనకు ఎప్పుడూ తెలియని ఆ తాడిపత్రి ముసలమ్మను తలచుకుని.

ఆ శుక్రవారం ముగ్గురూ వెళ్ళారు. తూటాలు ముసలాయనే ఒక్కొక్కటిగా అరల్లో సర్దుకున్నాడు. గుండీ పెట్టాకే పొయ్యి దగ్గరికి వచ్చాడు. అదీ తిత్తిని ముందు దూరంగా ఆపిన జీపులో పెట్టి తాళం వేసి. మధ్యాహ్నం గుట్ట వెనక మోకరిల్లి, చప్పుడు లేకుండా ఒక తూటా తీసుకుని, గురి చూసి కాల్చాడు. తగల్లేదు. ఇంకొకటి తీశాడు. అదీ తగల్లేదు. కుందేలు గుట్ట దాటి వెళ్ళి, వెనక్కి తిరిగి చూసి మరీ పోయింది.

అబూ సాలెహ్ రాయికి చేరగిలబడి, కళ్ళనీళ్ళు తిరిగేదాకా నవ్వాడు. "మస్తాన్, నీ సంచి బాగుంది. ఇక నా కళ్ళకేమైనా కుట్టగలవా చూడు!" వాళ్ళు ఆ రోజు తెచ్చుకున్న కోడితోనే కబ్సా అన్నం వండుకున్నారు. ముసలాయన రెండుసార్లు వడ్డించుకున్నాడు. చాలా రోజుల తర్వాత అన్నంలో ఉప్పు తక్కువైందని హన్మాండ్లును కేకలేశాడు. మస్తాన్, హన్మాండ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఉప్పు సరిపోయింది. అయినా హన్మాండ్లు ఉప్పు డబ్బా తెచ్చి ఆయన ముందు పెట్టాడు.

తర్వాత ఆ తిత్తి మజ్లిస్‌లో చేతులు మారింది. వేటకు పోయే పెద్దమనుషులు ఒక్కొక్కరే షాపుకు రావడం మొదలుపెట్టారు. కారు సీట్ల పని ఆపి మస్తాన్ వాళ్ళ చేతులు చూస్తాడు. వేళ్ళు ఎలా వంగుతాయి, ఏ భుజం మీద తుపాకీ ఆనిస్తారు అని అడుగుతాడు. నిజం తూటా తెస్తే మాత్రం గుమ్మం దగ్గరే ఆపేస్తాడు, ఖాళీ గొట్టం తెమ్మంటాడు. మొన్న ఎక్కడో దూరాన ఖఫ్జీ ఊరి నుంచి వచ్చిన ఒకాయనది ఎడమచేతి వాటం. తిత్తి కుడివైపు రావాలి, అరలు అటువి ఇటు కావాలి. మస్తాన్ ఆయన్ను షాపు మధ్యలో, సీట్ల గుట్టల నడుమ మోకాళ్ళ మీద కూర్చోబెట్టి, సుద్దముక్కతో ఛాతీ మీద గుర్తులు పెడుతున్నాడు. పక్కన పాత సీట్లో కూర్చున్న అబూ సాలెహ్, "కొంచెం పైకి, కొంచెం పైకి" అని చెయ్యి ఊపుతూ ఆజ్ఞలు జారీ చేస్తున్నాడు.