నాచారంలో నేను కప్పిన శాలువా

ఆ రోజు నాచారంలో నేను చేసిన నిర్వాకం వింటే, నా పుస్తకం కొననందుకు మీరు ఊపిరి పీల్చుకుంటారు.

నలభై ఏళ్లు రాశాక, తల పూర్తిగా నెరిశాక, నా కవితా సంపుటికి మొట్టమొదటి సమీక్ష వచ్చింది. ఆదివారం పేపర్లో, అరచేతంత. ‘మనిషిని చూడగానే పోల్చుకునే కవి’ అని రాశారా మహానుభావుడు. ఉప్పల్‌లో మా వీధిలో ఆ ముక్క విననివాళ్లు లేరు. పాలవాడికి రెండుసార్లు వినిపించాను.

సమీక్షకుడి ఇల్లు వాకబు చేసి, శాలువా, బత్తాయిలు సర్దుకున్నాను.

“ముందు ఫోన్ చేసి వెళ్లండి,” అంది మా ఆవిడ.

“సన్మానం చెప్పి చేస్తారా ఎవరైనా!” అని షేర్ ఆటో ఎక్కాను.

గేటు తీస్తే వరండాలో లుంగీ కట్టుకున్న పెద్దమనిషి. చేతిలో అదే పేపరు. ఇంకేం కావాలి? ఆయన తలెత్తేలోపే శాలువా కప్పేశాను.

“ఏంది సారూ గిది?”

“ఇన్నేళ్లలో నన్ను గుర్తించింది మీరొక్కరే!”

“నేనేడ గుర్తువట్టిన? జర పేరు జెప్పున్రి.”

ఎంత వినయమో అనుకుని, సమీక్ష మొత్తం గడగడా అప్పజెప్పాను.

“మస్తుగుంది. గని గిది రాసింది పైన కిరాయికుండే సారు. నేను ఇంటి ఓనర్ని. ప్లాట్ల రేట్లు సూస్తున్న.”

అంతలో కూరల సంచితో మెట్లు దిగుతూ అసలాయన! ఉన్నది ఒక్క శాలువా. కప్పిన శాలువాను అక్కడికక్కడే లాగి ఇంకొకరికి కప్పడం మా కవుల్లో మహాపరాధం. ఇంటికెళ్లి, మడత పెట్టి, ఆర్నెల్లకు కప్పొచ్చు. అది వేరు.

ఓనరు శాలువా అంచు గట్టిగా పట్టుకున్నాడు. “నాకిప్పటిదాంక ఎవ్వరు కప్పలే. నేనియ్య.”

సమీక్షకుడు సంగతి విని నవ్వాపుకోలేకపోయారు. “చూడగానే పోల్చుకుంటారని రాశాను. సవరణ వేయించమంటారా?”

ఉన్న ఒక్క సమీక్షా పోతుందేమోనని బత్తాయిలు ఆయన చేతిలో పెట్టాను.

“శాలువ ఊకె తీస్కోను. మీ కవిత్వం ఒకటి సదువున్రి, చెవులార ఇంట,” అన్నాడు ఓనరు.

చదివాను. “ఇంకోటి,” అన్నాడు. అదీ చదివాను. ఆయన కళ్లు తుడుచుకున్నాడు, నా శాలువాతోనే. నిజం చెబుతున్నాను, పేపర్లో నా పేరు చూసుకున్నప్పుడు కూడా అంత గర్వపడలేదు. సమీక్షకుడు సవరణ మాట మళ్లీ ఎత్తలేదు.

ఇంటికొచ్చి దేవుడి పటం ముందు ప్రమాణం చేశాను: పేరు అడక్కుండా ఎవరికీ శాలువా కప్పను, ఒక్క శాలువాతో గడప దాటను. అప్పటినుంచి నా సంచిలో రెండు శాలువాలు సిద్ధంగా ఉన్నాయి. రెండో సమీక్షే ఇంకా రాలేదు.