ఫోర్‌మేన్‌గారి కోసం నేను పన్నిన వల

మొన్న శుక్రవారం నా పుణ్యమా అని మా జనరల్ మేనేజర్‌గారికి స్నానం అయింది. అవును, డ్యూటీ టైములోనే! తెల్ల సఫారీ సూటుతో సహా! నవ్వకండి, ముందు టీ తాగుతూ వినండి. కంపెనీ పేరు మాత్రం అడగొద్దు. ఇంకా పాతికేళ్ళ సర్వీసుంది నాకు.

మాది ఇనుపఖనిజం మోసే బెల్టుల దగ్గర పని. నేను ఫిట్టర్‌ని. బెల్టు మీద ఖనిజం పడినప్పుడల్లా ఎర్రదుమ్ము లేస్తుంది. దగ్గితే రుమాలు ఎరుపు, ఇంటికెళ్ళి తల తుడుచుకుంటే తువ్వాలు ఎరుపు. దానికి నేనో ఉపాయం కనిపెట్టాను. బెల్టు పక్కన చిల్లులున్న గొట్టం. ఖనిజం బరువుకి బెల్టు కాస్త కిందికి దిగగానే లివర్ నొక్కుకుని నీళ్ళు చిమ్ముతాయి. బెల్టు ఖాళీ అయితే నీళ్ళు బంద్. అవీ మంచినీళ్ళు కావు, కింద గుంటలో నిలిచే ఎర్రనీళ్ళే! ఆరు నెలలు బుర్ర బద్దలు కొట్టుకున్నానండీ. దాని మీద నా పేరు పడితే చాలనుకున్నాను.

ఆఫీసు ముందర సలహాల పెట్టె ఉంది. డ్రాయింగు అందులో వేసేముందు, పక్క మెషీన్ మీద పనిచేసే అప్పలరాజుకి చూపించాను.

"ఏటి సేత్తన్నావు బావా? మతి గానీ పోనాదా? ఆ పెట్టి తాళం సత్యంగారి కాడుంటాది. పొద్దున్న నీ కాయితం, సాయంత్రానికి ఆయన కాయితం! నా సలహా ఏటయిపోనాదో తెల్దా నీకు?"

సత్యంగారంటే మా ఫోర్‌మేన్. గోదావరి జిల్లా మనిషి, రిటైర్‌మెంటుకి ఆరు నెలలుంది. ఇక అప్పలరాజు సలహా ఏమిటంటే, మధ్యాహ్నం కునుక్కి ఓ షెడ్డు వెయ్యమని! అది చెత్తబుట్టలోకే పోయి ఉంటుందని నాకు అప్పుడే తట్టాలి. తట్టలేదు. అనుమానం పెనుభూతం అని ఊరికే అన్నారా!

నేనేమన్నా తక్కువ తిన్నానా? డ్రాయింగులో ఒక్క బాణం గుర్తు తిప్పేశాను. గొట్టం చిల్లులు బెల్టు వైపు ఉండాలి. నేను మనుషులు నిలబడే వైపుకి గీశాను. సరైన డ్రాయింగు ఇంట్లో బైబిల్లో దాచాను. ఆయన నా కాయితం కొట్టేశాడా, అందరి ముందూ అభాసుపాలవుతాడు. అప్పుడు నేను అసలుది పట్టుకుని వస్తాను. ఆహా, ఏం తెలివి! పెట్టెలో పడేసి, మా మరదలి పెళ్ళికని వారం సెలవు పెట్టి తగరపువలస వెళ్ళిపోయాను.

తిరిగొచ్చేసరికి బెల్టు దగ్గర షామియానా! ముందు వరస కుర్చీల్లో జనరల్ మేనేజర్, ఇంకో నలుగురు ఆఫీసర్లు, అందరివీ తెల్ల సఫారీలే. గొట్టం బిగించేసి ఉంది. పక్కనే, గాజువాక పెయింటర్‌తో రాయించిన కొత్త బోర్డు. దొరికాడ్రా దొంగ అనుకుంటూ చదివాను. "రూపకర్త: జె. దానియేలు, ఫిట్టర్."

నా పేరే!

సత్యంగారు ఎదురొచ్చి నా మెళ్ళో బంతిపూల దండేశారు. "నువ్వొచ్చేసరికి సిద్ధం చేసెయ్యాలని వారం రోజులూ దీనిమీదే కూర్చున్నామయ్యా. ఖనిజం కూడా ఇవాళే వచ్చింది. మొదటిసారి నడపడం నీ ఎదురుగానే!"

"వద్దు సార్! ఆపీండి సార్!"

"చూశారాండీ, కుర్రాడికి ఎంత వినయమో!" అని ఆయన మేనేజర్‌గారి వైపు తిరిగారు. అందరూ చప్పట్లు.

"అది కాదు సార్, సిల్లులు..." అనేలోపే స్విచ్ నొక్కేశారు.

బెల్టు కదిలింది. ఖనిజం పడింది. లివర్ నొక్కుకుంది. ఒక్క సెకను ఆలస్యం లేదు, అంత బ్రహ్మాండంగా పనిచేసింది నా యంత్రం! ముందు వరస మొత్తం ఎరుపు. మేనేజర్‌గారి మీసాల్లోంచి కూడా ఎర్రనీళ్ళు కారుతున్నాయి.

"ఎవడు బిగించాడిది?" అని అరిచారాయన.

"నేనేనండి," అన్నారు సత్యంగారు. "చిల్లులు ఇటున్నాయేంటని నాకూ అనుమానం వచ్చిందండి. కానీ గీసింది దానియేలు కదా, ఏదో కిటుకు ఉండే ఉంటుందనుకున్నాను. డ్రాయింగులో తప్పుండదండి. నాకే అర్థమై ఉండదు."

"అయితే రేపట్నించి మీరు సస్పెన్షన్!"

చచ్చేంత సిగ్గేసింది. నోరు మూసుకుంటే నా పేరు నిలుస్తుంది, ఆయన ముప్పయ్యేళ్ళ సర్వీసు మట్టిలో కలుస్తుంది. దండ తీసేసి ముందుకెళ్ళాను.

"తప్పు నాదే సార్. నానే కావాలని తప్పుగా గీసినాను."

"కావాలనా? ఎందుకు?"

"దొంగని పట్టుకుందామని సార్."

మేనేజర్‌గారు మొహం తుడుచుకుని నన్ను ఎగాదిగా చూశారు. "దొరికాడా?"

నా రుమాలు తీసి ఆయనకందించాను.

సత్యంగారి సస్పెన్షన్ ఆగింది. నాకు మెమో వచ్చింది. బైబిల్లోని డ్రాయింగు బయటికొచ్చి, గొట్టం ఇప్పుడు చక్కగా పనిచేస్తోంది. కానీ వర్క్‌షాపులో నా బతుకు చూడాలి! నేను ఏ కాయితం ఇచ్చినా ట్యూబులైటు కింద పెట్టి చూస్తున్నారు. "ఇందులో తప్పు యాడెట్టినావు బావా?" అని ఆ అప్పలరాజు కూడా! ఎక్కించిందే వాడు!

చూడకుండా సంతకం పెట్టేది ఒక్క సత్యంగారే. నిన్న కొత్త డ్రాయింగొకటి ఇస్తే, జేబులోంచి కళ్ళజోడైనా తియ్యకుండా పెన్ను తీశారు. "ఓపాలి సూడండి సార్," అని బతిమాలాను. "నువ్వు గీశావు కదయ్యా, ఇంకేం చూడాలి?" అన్నారు. చేతిలోంచి లాక్కుని ఇంటికి పట్టుకెళ్ళి నాలుగుసార్లు సరిచూశాను. ఆయనంటే నన్ను నమ్ముతారు. ఆ గీసినవాడి సంగతి నాకు తెలుసు కదా!